మాత్ర ఆపిన మర్నాడు ఏమీ కాదు

మా చెవిటికల్లులో బీపీ మాట వస్తే తరచుగా వినపడే వాక్యం ఒకటుంది: "నాకూ ఉండేది, ఇప్పుడు తగ్గిపోయింది." ఎలా తగ్గిందంటే మాత్రలు వాడితే తగ్గిందంటారు. ఇప్పుడు వాడుతున్నారా అంటే, "తగ్గాక ఇంకెందుకు?" అంటారు. ఈ వారం నా గొడవంతా ఆ "ఇంకెందుకు" గురించే.

జ్వరానికి ఐదు రోజులు మాత్రలేసుకుంటాం, తగ్గుతుంది, ఆపేస్తాం. బీపీ అలాంటిది కాదు. నేను ఆఫీసులో సర్వర్ల బాగోగులు చూస్తాను. సర్వర్ల గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. చల్లగానే ఉంది కదా అని ఏసీ ఆపేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ చల్లదనం ఏసీదే, గదిది కాదు. మాత్ర వేసుకునేవాళ్ళ 130/80 కూడా అంతే. అందులో మాత్ర వాటా ఉంది.

చిక్కేమిటంటే, మాత్ర ఆపిన మర్నాడు ఏమీ కాదు. మన దగ్గర ఎక్కువగా రాసే ఆమ్లోడిపిన్ ప్రభావం ఒంట్లోంచి పోవడానికే కొన్ని రోజులు పడుతుంది. ఆ తర్వాత బీపీ మెల్లగా పెరుగుతుంది. చాలామందికి తలనొప్పి ఉండదు, కళ్ళు తిరగవు. పొలం పనీ ఆగదు. "చూశావా, ఆపేసినా బాగానే ఉన్నా" అనిపిస్తుంది. ఈలోగా మెదడు, గుండె, కిడ్నీల్లోని రక్తనాళాలు దెబ్బతింటూ ఉంటాయి.

మాకు వరసకి బాబాయ్ అయ్యే ఒకాయన అలాగే ఆపేశాడు. మిరప రైతు. "మాత్ర వేసుకున్నావా బాబాయ్?" అంటే "నాకేం రోగంరా, రాయిలా ఉన్నా" అనేవాడు. కాయ కోతలప్పుడు మోకాళ్ళు నొప్పులని రోజూ నొప్పి మాత్రలు మాత్రం వేసుకున్నాడు. ఒకరోజు పొద్దున కుడి చెయ్యి చెంబు పట్టలేదు. మాట ముద్దగా వచ్చింది. పడుకుంటే తగ్గుతుందని మధ్యాహ్నం దాకా చూశారు. ప్రాణం దక్కింది గానీ చెయ్యి పూర్తిగా రాలేదు. ఇప్పుడు చేను పిన్ని చూసుకుంటోంది. మిరపకాయ అమ్మిన డబ్బులు ఆసుపత్రికే సరిపోయాయి.

ఆయన కథలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు రోజుల తరబడి వాడితే బీపీ పెరుగుతుంది, కిడ్నీలకీ మంచిది కాదు. బీపీ ఉన్నవాళ్ళు ఆ విషయం డాక్టరుకి చెప్పాకే నొప్పి మందు తీసుకోవాలి. రెండోది: మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మా ఊరి నుంచి విజయవాడ చేరడానికే ఎంతసేపు పడుతుందో లెక్కేసుకోండి.

ఇది పట్నం జబ్బు, కుర్చీలో కూర్చునేవాళ్ళ జబ్బు అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో చావులకి కారణాలు లెక్కతీసి 2006లో ఒక అధ్యయనం అచ్చేశారు. గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి స్థానంలో ఉన్నాయి: 32 శాతం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో దాదాపు నాలుగో వంతుకి, మగవాళ్ళలో ఇంకాస్త ఎక్కువమందికి బీపీ ఉంది.

"నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, దీనికో యాప్ చెయ్యరాదూ?" అని అడుగుతుంటారు. చేసినవాళ్ళున్నారు. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద ఉన్న 54 ఊళ్ళలో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లిచ్చి, ఇంటింటికీ పంపి, ముప్పు ఎక్కువున్నవాళ్ళని డాక్టరు దగ్గరికి పంపించారు. 2019లో ఫలితాలొచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ లెక్కలో యాప్ వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా వృత్తికి ఇది కాస్త చేదు వార్తే. కానీ అర్థమయ్యే వార్త. ఎవరికి బీపీ ఉందో కనిపెట్టడం సగం పనే. నెలనెలా మందు చేతికందాలి, అందిన మందు నోట్లోకి వెళ్ళాలి. ఆ రెండూ యాప్ చేయలేదు.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు తినమంటుంది. అంటే ఒక చెంచాడు, కూరలో వేసిందీ పచ్చడిలో ఉన్నదీ అన్నీ కలిపి. ఆవకాయ మానేయమని మా ఊళ్ళో చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ ఆవకాయ కలిపిన రోజు ఊరమిరపకాయలు, అప్పడాలు, మజ్జిగలో మళ్ళీ ఉప్పు, ఇవన్నీ అవసరమా? కల్లుప్పు, గులాబీరంగు ఉప్పు మంచివంటారు. వాటిలోనూ ఉన్నది సోడియమే.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు మాత్రం నిజంగా వేరు. సిద్దిపేట జిల్లాలో ఏడు ఊళ్ళలో 502 మంది బీపీ ఉన్నవాళ్ళతో పరీక్షించారు. సగంమందికి ఈ ఉప్పు, సగంమందికి మామూలు ఉప్పు. మూడు నెలల్లో తేడా, పై అంకెలో సగటున 4.6. తక్కువగా కనపడుతుంది గానీ ఊరు మొత్తానికి అంత తగ్గితే చిన్న విషయం కాదు. ఒక్క జాగ్రత్త: కిడ్నీ జబ్బున్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా ఈ ఉప్పు ముట్టుకోకూడదు.

బీపీ చూపించుకునే పద్ధతీ ఒకటుంది. ఎండన పడి వచ్చి, టీ తాగి వెంటనే చెయ్యి చాపితే వచ్చే అంకెని నమ్మలేం. టీ, బీడీ అయ్యాక అరగంట ఆగాలి. వీపు ఆనించి, పాదాలు నేలకి తగిలేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. రెండుసార్లు చూడాలి. వేర్వేరు రోజుల్లో 140/90, ఇంట్లో మిషన్‌తో అయితే 135/85 దాటుతుంటే డాక్టరుని కలవాలి. మాత్ర తగ్గించాలన్నా ఆపాలన్నా అది కూడా డాక్టరే చెప్పాలి. బరువు, ఉప్పు, మందు తాగడం తగ్గించుకుంటే మోతాదు తగ్గే అవకాశమూ ఉంది.

నాలాగే హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని ఊరికి ఫోన్లు చేసేవాళ్ళకి ఒక మాట. "బీపీ ఎంతుందమ్మా?" అని అడిగితే "బాగానే ఉంది నాన్నా" అనే జవాబొస్తుంది. ఆ ప్రశ్న మార్చండి. "డబ్బాలో ఎన్ని మాత్రలున్నాయి?" అని అడగండి. ముప్ఫై మాత్రలు తెచ్చి ఇరవై రోజులైతే పది ఉండాలి. పద్దెనిమిది ఉన్నాయంటే కోప్పడకండి. మాత్ర పడట్లేదా, కంచికచర్ల దాకా వెళ్ళి తెచ్చేవాళ్ళు లేరా, డబ్బులకి వెనకాడుతున్నారా, తెలుసుకోండి. ఊళ్ళో ఆశా కార్యకర్తని, 104 బండిని అడిగితే బీపీ మాత్రలు ఉచితంగా దొరుకుతాయి. అయిపోవడానికి వారం ముందే మళ్ళీ తెప్పించండి.