నడుం వంచితే వ్యాయామమా?

కాన్పు సులువు కావాలంటే గర్భిణి వంగి పని చెయ్యాలట. గోదావరి డెల్టా ఊళ్లలో ఈ మాట పెద్దవాళ్ల నోటే కాదు, ఆరోగ్య కార్యకర్తల నోటా విన్నాను. విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఈ సలహా వల్ల లాభం ఎవరికి?

సార్వా, దాళ్వా ఊడ్పుల్లో బురదలో వెనక్కి నడుస్తూ నారు నాటే కూలీకి రోజంతా నడుం వంగే ఉంటుంది. నెలలు నిండేకొద్దీ పొట్ట బరువు నడుమును ముందుకు లాగుతుంది, కటి కీళ్లు వదులవుతాయి. గంటలకొద్దీ వంగితే నొప్పి పెరుగుతుంది. వ్యాయామం వేరు. చేతులూ మోకాళ్లూ నేలకు ఆన్చి, ఊపిరి వదులుతూ వీపును మెల్లగా గుండ్రంగా పైకి లేపి, మళ్లీ సమానంగా దించాలి. గోడకు ఆనుకుని నిలబడి నడుమును గోడకేసి నొక్కాలి. చాలామందికి ఉపశమనం ఉంటుంది. (రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.) పైసా ఖర్చు లేదు. కావలసింది పది నిమిషాలు, పొడి నేల. పొద్దున్నే వంట చేసి పొలానికెళ్లి, తిరిగొచ్చి మళ్లీ పొయ్యి ముట్టించే ఆమెకు ఆ పది నిమిషాలు ఎవరిస్తారు?

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం సెలవును 2017 సవరణ 26 వారాలకు పెంచింది. రోజుకూలీ పొలంగట్టు దాకా అది రాలేదు. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృవందన పథకం మొదటి కాన్పుకు 5,000 అంది. నెలల తరబడి పోయిన కూలికి ఇది బదులా?

అంగన్‌వాడీలో చాప పరిచి ఈ కదలికలు నేర్పుదాం. ఊడ్పుల కూలి రేటు మాట్లాడేచోట గర్భిణికి కూలితో సెలవు అడుగుదాం. ఎకరానికింతని గుత్తకు ఊడ్చేచోట ఆమె వాటా ఎవరివ్వాలో కూడా, నారు పీకకముందే, రైతుతో తేల్చుకుందాం.