పందె మొక్కటి, కాయలు నాలుగు

అష్టాచెమ్మలో ఓడినవాడు తన బుద్ధిని నిందింపడు; చింతపిక్కలను నిందించును. పందెము పడలేదను సమాధానము మన యిండ్లలో ఎంత సర్వసమ్మతమైనదో, నా యభిప్రాయమున అంత అసత్యమైనది కూడను.

వైకుంఠపాళిలో ఈ మాట చెల్లును. అందు ఆడువానికి కాయ యొక్కటే గనుక, నిచ్చెన నెక్కుటయందు గాని పామునోట పడుటయందు గాని వాని యిచ్ఛకు తావు లేదు. అష్టాచెమ్మ యట్టిది కాదు. ఆ 25 గళ్ళ పటముపై పందెము పడునంతవరకే దైవము. పడిన పిమ్మట, నాలుగు కాయలలో దేనిని నడుపవలెనను నిర్ణయము ఆటగానిదే.

అరగదీసిన నాలుగు పిక్కబద్దలు ఇరువైపులను సమానముగ పడునని యనుకొన్నచో, అవి పడుటకు గల రీతులు 16. వానిలో రెండు పడునవి 6, ఒకటి పడునవి 4, మూడు పడునవి 4. అన్నియు తెల్లగ పడు చెమ్మకును, అన్నియు నల్లగ పడు అష్టకును ఒక్కొక్క రీతియే కలదు. (గవ్వలతో ఆడు ఇండ్లలో ఈ లెక్క మారును, గవ్వ ఇరువైపులను సమముగ పడు వస్తువు కాదు.) శత్రువు చేరువైనకొలది అపాయ మధికమని సామాన్యులు భావింతురు గాని, ఇచట ఒక గడి దూరమున నున్న కాయకంటె రెండు గళ్ళ దూరమున నున్నదానికే చావుభయ మెక్కువ, అదే కాయను మరి రెండు గళ్ళు ముందునకు జరిపి నిలిపినచో, వెనుకనున్నవానికి చెమ్మ పడిననే గాని దానికి భయము లేదు. ఒక్క శత్రుకాయనైనను చంపనిదే లోపలి గళ్ళలోనికి పోరాదను నియమమును పలుచోట్ల పాటింతురు గనుక, గీటు వేసిన యిండ్లలో దాగి కూర్చుండుటయు కుదరదు.

తొందరపాటు మరియొక దోషము. మూడు కాయలను ముందే పండించుకొని ఒక్క కాయతో మిగిలినవాడు గెలుపునకు దగ్గరైతినని మురియును గాని, ఏ పందెమునకు ఏ కాయ తగునని యెంచుకొను స్వాతంత్ర్యమును కోల్పోవును. ఇక వాడాడునది వైకుంఠపాళియే.

పుష్కరునకు రాజ్యము నోడిన నలునికి అక్షహృదయము నుపదేశించిన ఋతుపర్ణుడు, తాండ్రచెట్టు ఆకులను కాయలను చూచినంతనే లెక్కించి చెప్పిన గణకుడు. పాచికల విద్యను సంఖ్యావిద్యను ఒక్కనియందే నిలిపిన ఆ కథకుని వివేకము నాకు మిక్కిలి నచ్చును. ఐరోపాలో సంభావ్యతా గణితమునకు పునాది పడినదియు, 1654లో పాస్కల్, ఫెర్మాలు జూదపు లెక్కలను గూర్చి వ్రాసికొన్న ఉత్తరములలోనే.

ఎంతటి నేర్పరియైనను ఒక ఆటలో ఓడవచ్చును. పలుమార్లు కూర్చుండి యాడినచో, పిక్కలు ఎవరి పక్షమున పడెనను మాట వెనుకబడి, కాయలను ఎవరు తెలిసి నడిపిరను మాట బయటపడును. కావున వేసవి సెలవులలో పిల్లలకు వైకుంఠపాళి పటము కొని యిచ్చు తల్లిదండ్రులు, సుద్దముక్కతో అష్టాచెమ్మ గళ్ళును గీసి యిత్తురు గాక. కాయ కదలిన ప్రతిసారియు, దీనినే ఏల జరిపితివని వారి నడుగుదురు గాక.