నాటి మేటి, నేటి మేటి

క్రీడాభిమానులు కూడినచోట తెగని వాదమొకటి ఉన్నది: వెనుకటివారు గొప్పవారా, ఇప్పటివారు గొప్పవారా? జట్టుకు పదిహేనుగురు ఆడే రగ్బీ యూనియన్ క్రీడలో ఈ వాదం మరీ తీవ్రం. వేల్స్ అభిమానులు గారెత్ ఎడ్వర్డ్స్‌ను మించినవాడు లేడంటారు. ఫ్రాన్స్ యువతరం ఆంట్వాన్ డ్యూపాన్‌ను చూపుతుంది. ఇద్దరూ స్క్రమ్-హాఫ్‌లే, అనగా ముందు వరుసల దిట్టలు గెలిచిన బంతిని వెనుకనున్న పరుగువీరులకు అందించే సూత్రధారులు.

అంకెలే తీర్పు చెప్పగలవని కొందరి నమ్మకం. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకించుటను ‘ట్రై’ అంటారు. పురుషుల అంతర్జాతీయ పోటీలలో జపాన్ ఆటగాడు దైసుకె ఒహాతా 58 ఆటలలో 69 ట్రైలు సాధించాడు. దక్షిణాఫ్రికాకు చెందిన బ్రయన్ హబానా 124 ఆటలలో సాధించినవి 67. అయితే ఒహాతా ట్రైలలో అనేకం ఆసియాలోని బలహీనమైన జట్లపై వచ్చినవి. అంకె అబద్ధమాడదు, కాని ఎదుట ఎవరు నిలిచారో చెప్పదు.

నియమాలు సైతం స్థిరంగా లేవు. ట్రై విలువ 1971 వరకు మూడు పాయింట్లు, పిదప నాలుగు, 1992 నుండి అయిదు. 1968కి పూర్వం అంతర్జాతీయ పోటీలో ఒకడు గాయపడి వైదొలగితే జట్టు ఆ లోటుతోనే ఆడవలసివచ్చేది. నేడు ఎనిమిదిమంది వరకు బదులు ఆటగాళ్లు సిద్ధంగా ఉంటారు. 1995 ఆగస్టు వరకు ఆడినందుకు వేతనం పుచ్చుకొనుట నిషిద్ధం. న్యూజీలాండ్ దిగ్గజం కోలిన్ మీడ్స్ వ్యవసాయం చేసుకుంటూనే 1957–1971 నడుమ 55 టెస్టులు ఆడాడు. నేటి ఆటగానికి వ్యాయామమే వృత్తి.

అట్లయిన పోలికయే వ్యర్థమా? కాదు. ఒకే నియమాల కింద, ఒకే ప్రత్యర్థులపై ఆడిన తోటివారికంటె అతడు ఎంత ఎత్తున నిలిచాడన్నదే న్యాయమైన కొలబద్ద. ఎడ్వర్డ్స్ 1967 నుండి 1978 వరకు ఒక్కటైనా తప్పకుండా వరుసగా 53 ఆటలలో వేల్స్ పక్షాన నిలిచాడు. ఆ పదకొండేళ్లలో అతని స్థానం మరొకరికి దక్కలేదు. డ్యూపాన్ 2021లో ప్రపంచపు ఉత్తమ ఆటగాడుగా ఎంపికై, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఏడుగురాడే రగ్బీలోనూ స్వర్ణం గెలిచిన ఫ్రాన్స్ జట్టులో సభ్యుడయ్యాడు. ఈ కొలతకు ఇద్దరూ మేటివారే. ఒకరిని ఎత్తుటకు మరొకరిని దించనక్కరలేదు.

పాత చిత్రాలు చూసి ‘ఇంత మందకొడి ఆటా!’ అని నవ్వే యువకుడు ఆనాటి బురద నేలను, తోలు బంతిని, పనిదినపు అలసటను మరచాడు. ‘డబ్బు కోసం ఆడుతున్నారు’ అని కొట్టివేసే పెద్దమనిషి నేటివారి చెమటను చూడలేదు. ఇరువురిదీ అన్యాయమే.

విద్యార్థి మిత్రులారా! ఏ తరాన్నయినా తూచబోయే ముందు తక్కెడను పరీక్షించండి. ఎవరిపై, ఏ నియమాలతో, ఏ వసతులతో ఆడారని అడిగిన పిమ్మటనే తీర్పు చెప్పండి. రేపు మన తరాన్ని తూచేవారి నుండి మనం కోరగలిగినదీ ఈపాటి న్యాయమే.