కారు దిగని ఏకాంతము

ఈ వారము నా ఫోనునకు వచ్చిన ప్రకటన యొకటి నన్ను కుదురుగా కూర్చుండనీయలేదు. నగరవాసుల విశ్రాంతి నిమిత్తమై మన సీమ కొండల నడుమ ‘ఏకాంత శిబిరము’ నొకదానిని సిద్ధపరచితిమనియు, శనివారము సాయంకాలము వచ్చి ఆదివారము మధ్యాహ్నమునకు తిరిగి పోవచ్చుననియు, కారు గుడారపు గుమ్మము వరకును వచ్చుననియు, రాత్రి చలిమంటయు, దానిచుట్టును డీజే పాటలును, కాల్చిన కోడియు ఆ ధరలోనే కలిసియుండుననియు ప్రకటనకర్తలు సెలవిచ్చిరి. నిశ్శబ్దమును కోరి వచ్చినవానికి స్పీకరును, చీకటిని కోరి వచ్చినవానికి రంగుబల్బుల తోరణమును సమకూర్చి, దానికి ఏకాంతమని పేరుపెట్టి, మనిషికింతయని వసూలు చేయుట మన కాలపు వాణిజ్యచాతుర్యము కాబోలు.

బెంగళూరివారు రాకూడదని నేననను. హిందూపురమునకు నూరు కిలోమీటర్ల దూరమున, కోటికి పైబడిన జనముతో ఊపిరాడక యున్న నగరమది. చెట్టునీడకును పార్కింగు రుసుము చెల్లించు ఆ యూరివారికి శనివారము వచ్చుసరికి మన బండలును, మన పొడిగాలియు, మన నక్షత్రములును కావలసివచ్చుటలో వింత లేదు. రానిండు. కారును కొండ క్రింద విడిచి మరీ రానిండు. నా గోడంతయు ఇంతియే.

అమెరికాలో మన తెలుగు కుటుంబములు వేసవి సెలవులకు పోవు స్టేట్ పార్కులలో, కారు చెంతనే గుడారము వేసికొను విడిదులే గాక, కారును ఒకచోట నిలిపి, సామాను భుజమున వేసికొని, అడవిదారిని నడచి చేరవలసిన విడిదులు కూడ కలవు. ఆ నడకయే అచ్చటి ద్వారపాలకుడు. ఐసుపెట్టెను, మడతమంచమును, మనిషి యెత్తు స్పీకరును మోసికొని అంతదూరము పోగల భక్తాగ్రేసరులు అరుదు గనుక, చట్టము చేయలేని పనిని ఆ కాలిబాట చేసిపెట్టును. అయినను వారు చట్టమును మరువలేదు. కాలిఫోర్నియా స్టేట్ పార్కులలో సాధారణముగ ఒక్కొక్క విడిదికి ఎనమండుగురికి మించి చోటు లేదు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు చప్పుడు కూడదు. ఎలుగుబంట్లు తిరుగు చోట్ల తినుబండారములన్నియు ఇనుపపెట్టెలో పెట్టి మూయవలెను. మన కుర్రవాడు అచ్చట ఈ నియమములన్నియు తు.చ. తప్పక పాటించి, పది కొట్టగనే గుసగుసలాడుచు, చెత్తను సంచిలో కట్టి వెంట తెచ్చుకొనును. సంక్రాంతికి స్వదేశము వచ్చిన ఆ కుర్రవాడే గండికోటలో పెన్న లోయ అంచున నిలిచి, అర్ధరాత్రివేళ సినిమాపాటకు చిందులు వేసి, ఖాళీసీసాను ఆ లోయలోనికే గిరవాటు వేయును. మనిషి మారలేదు, అడుగువాడు లేడు.

రోడ్డు వేసిన కొండకేమగునో తెలిసికొన గోరువారు ఆదివారమునాడు తెల్లవారకముందే నందికొండకు పోయి చూడవచ్చును. సూర్యోదయమునకై బయలుదేరినవారిలో పలువురు ముందరి కారు వెనుక దీపమును మాత్రము దర్శించి మరలుచున్నారు. మన పెన్నకు జన్మస్థానమైన ఆ నందికొండకు పట్టిన గతి, ఆ పెన్న యొడ్డుననున్న మన కొండలకు పట్టకూడదని కోరుట అత్యాశ యగునా?

పెనుకొండను తలచుకొనుడు. 1565లో తళ్ళికోట యుద్ధానంతరము తిరుమలరాయలు విజయనగరమును విడిచి రాజధానిని ఇచ్చటికి మార్చుటకు కారణము ఇచ్చటి చల్లగాలి కాదు. శత్రువు సులభముగ నెక్కజాలని కొండ ఇచ్చట నుండుట. ఆ కొండ ఘనతయంతయు ఎక్కువానిని ఆయాసపెట్టుటలోనే యున్నది. గగనమహలును చూచి, బురుజులను దాటి, రాతిమెట్లపై నిలిచి నిలిచి, చెమట తుడుచుకొనుచు పైకి చేరినవానికి కనబడు చెరువులును, చేలును, దూరపు బండకొండలును, ఏసీ కారులో చేరినవానికి కనబడవని నా నిశ్చితాభిప్రాయము. దీనికి శాస్త్రప్రమాణము చూపుమన్నచో చూపలేను, మార్చుకొనుటయు లేదు. కోట ఉత్తరద్వారమునకు ఎర్రమంచి వాకిలి యని పేరు. ఆ యెర్రమంచి చెంతనే ఏటికి మూడు లక్షల కార్లు చేయగల కియా కర్మాగారము 2019 నుండి నడచుచున్నది. మనకు కార్ల కొదువ లేదు; కార్లు రాని జాగాల కొదువయే హెచ్చుచున్నది.

ఆరుబయట పడుకొనుట మనకు క్రొత్తగ నేర్పవలసిన విద్యయు కాదు. గడ్డి కరవైన దినములలో గొర్రెలను తోలుకొని ఊరూరు తిరుగు కాపరులను చూడుడు. పంట తీసిన చేనిలో రాత్రికి మంద నిలిపి, ఎరువు దక్కినందులకు రైతిచ్చు గింజలనో రూకలనో పుచ్చుకొని, మందకు చుట్టును వల దడి కట్టి, నాలుగు దిక్కుల కుక్కలను విడిచి, మూడు రాళ్ళ పొయ్యిపై సంగటి కెలికి, ఊరుబిండితో తిని, నల్లకంబళి కప్పుకొని నేలపై ఒరగుదురు. తెల్లవారి బయలుదేరునపుడు పెద్దకాపరి చేయు పనిని నేను దగ్గర నిలిచి చూచియున్నాను: పొయ్యిలో నీళ్ళు చల్లి, కట్టెతో బూడిదను కదిపి, దానిలో అరచేయి పెట్టి చూచి, వేడి లేదని తేలిన పిదపనే రాళ్ళను దొర్లించి మన్ను కప్పెను. ఆయనకు ఈ జాగ్రత్తను నేర్పినది ఏ సర్కారు పలకయు కాదు. వేసవిలో కొండపై ఎండిన బోదగడ్డికి ఒక్క నిప్పురవ్వ తగిలినచో, తన గొర్రెలకు మేత యుండదని ఆయనకు తెలియును. రక్షితారణ్యములో నిప్పు రాజేయుట నేరమని 1967 నాటి అటవీచట్టములోను ఉన్నది. ప్రకటనలో చలిమంటను ఉచితముగ నిచ్చువారు దానిని చదివినట్లు లేదు. మడకశిర ప్రాంతపు పల్లెలలోనికి ఎలుగుబంట్లు దిగివచ్చుట మనము వినుచునే యున్నాము. ఎంగిలి విస్తళ్ళను రాళ్ళ నడుమ పారవేసి పోవు అతిథులు వానికి దారి చూపినవారే యగుదురు.

కావున టూరిజమువారిని నేను కోరునది స్వల్పము. కొండ పాదమున కార్లు నిలుపుటకు చోటు, పైన నాలుగు మరుగుదొడ్లు, తొట్టెడు నీరు, రాత్రికి పది గుడారములకు మించి చీటీ ఇవ్వని ఒక కావలివాడు. హరిత హోటలు వలదు, గాజువంతెన వలదు, అక్షరములలో ఊరిపేరు వ్రాసి వెలిగించు సెల్ఫీపలక యసలే వలదు.

ఇంతకును ఈ వచ్చిపోవువారిని నిందించుచు కూర్చుండుట దేనికి? వారైనను నూరు కిలోమీటర్లు పయనించి వచ్చిరి. మన పిల్లల సంగతి యేమి? హిందూపురపు బడిలో చదువు పిల్లలలో పెనుకొండను ఎక్కినవారెందరు? లేపాక్షి నందిని, పదిహేను కిలోమీటర్ల దూరముననున్నదానిని, పాఠ్యపుస్తకములోని బొమ్మగా మాత్రమెరిగినవారెందరు? చిలమత్తూరు మండలములోని వీరాపురమునకు ఏటేటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, ఊరి చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి తీసికొని పోవుచున్నవి; ఆ యూరివారు వానిని అతిథులుగ చూచుకొందురు. మన బడుల విహారయాత్ర బస్సు మాత్రము రాత్రి పదింటికి బయలుదేరి, పిల్లలను సీట్లమధ్య కుక్కుకొని, నిద్రలేని కండ్లతో బెంగళూరి నీళ్ళ ఆటల పార్కునకు చేర్చి, క్లోరిను నీటిలో ముంచి, మరునాటి రాత్రికి తిరిగి తెచ్చి దింపును. దానికి తలిదండ్రులు కట్టు రొక్కముతో ఒక తరగతి యంతయు సద్ది కట్టుకొని మన కొండలన్నియు చుట్టిరావచ్చును. బెంగళూరువారు మన కొండలకును, మన పిల్లలు బెంగళూరి తొట్లకును ఎదురెదురుగ పరుగిడుచుండ, నడుమ లాభపడువారు బస్సువారును, చిప్సువారును.

విహారయాత్రకు బస్సు మాటలాడుచున్న ప్రధానోపాధ్యాయులారా, బేరమింకను తెగనిచో ఒక్కసారి ఆలోచింపుడు. ఈ ఏడు ఆ బస్సును పెనుకొండ పాదమున నిలిపి, పిల్లలకు ఒక్కొక్క నీళ్ళసీసాయు, ఇంటిలో కట్టిన సద్దియు చేతికిచ్చి, స్పీకరును బస్సులోనే యుంచి తాళము వేయుడు. సాయంకాలమునకు అందరును క్షేమముగ దిగివత్తురు. ఖాళీ సీసాలను ఎంచుకొనుట మాత్రము మరువకుడు.