వృద్ధాప్య భరణము

ప్రజలు దీర్ఘాయుష్మంతులగుట దేశమునకు సౌభాగ్యము. కాని యా యాయువును అన్నవస్త్రములకై పరుల మొగము చూచుచు గడుపవలసి వచ్చినచో ఆ సౌభాగ్యమే శాపమగును. 2011 జనాభా లెక్కల నాటికి మన దేశమున అరువదియేండ్లు నిండినవారు పది కోట్లకు పైగా నుండిరి. 2050 నాటికి ప్రతి యైదుగురిలో నొకరు ఆ వయస్సువారగుదురని ఐక్యరాజ్యసమితి జనాభా నిధివారు 2023లో ప్రకటించిరి. వీరి పోషణమునకై మన ప్రభుత్వమువారు చేసిన సన్నాహ మెట్టిది?

మన దేశమున పింఛను అను మాట పరప్రభుత్వ కాలమున ఉద్యోగులతోడనే ముడిపడినది. 1908లో బ్రిటిషు పార్లమెంటు తమ దేశమున డెబ్బదియేండ్లు నిండిన బీదలకు వారమునకు అయిదు షిల్లింగుల వఱకు ప్రజల పన్నులనుండి యియ్యవలెనని శాసించెను. ఆనాడు మనల నేలుచుండిన ఆ పార్లమెంటునకు మన వృద్ధులు కంటబడలేదు. పొలము దున్నినవాడును, మగ్గము నేసినవాడును, రాళ్లు మోసినదియు ఆ లెక్కలోనికి రాలేదు. పరప్రభుత్వము పోయినది, ఆ లెక్క మాత్రము నేటికిని పూర్తిగా మాఱలేదు.

ప్రభుత్వోద్యోగుల భద్రతను మేము ఆక్షేపింపము. పింఛను ప్రభువుల దయాదానము గాదనియు, చేసిన సేవకు ఫలముగా లభించు హక్కనియు సుప్రీంకోర్టువారు 1982లో నకారా వ్యాజ్యమున తీర్పు చెప్పిరి. కేంద్రోద్యోగులకు 2004లో నూతన పింఛను విధానము వచ్చెను. దానిపై అసంతృప్తి ప్రబలగా, 2025 ఏప్రిల్ 1 నుండి జీతములో సగమునకు హామీ యిచ్చు ఏకీకృత విధానము అమలులోనికి వచ్చెను. ఈ శ్రద్ధలో శతాంశమైనను తక్కినవారిపై చూపబడినదా యని మా ప్రశ్న.

కర్మాగారములలో పనిచేసినవారికి 1995లో నేర్పడిన పింఛను పథకమున కనీసమొత్తము నెలకు 1,000 రూపాయలని 2014లో నిర్ణయించిరి. పదేండ్లు గడచి 2024 వచ్చినను ఆ మొత్తము పెరుగలేదు. ధరలు పెరిగినకొలది పెరుగు నేర్పాటును ఆ పథకములో లేదు. ఇక ఏ ఆధారమును లేని బీదలకై 1995 ఆగస్టు 15న కేంద్రము 75 రూపాయలతో భరణ మారంభించి, 2006లో దానిని 200 చేసెను. ఎనుబదియేండ్లు దాటినవారికి తప్ప, 2024 నాటికిని కేంద్రభాగము ఆ 200 రూపాయలే. దినమునకు ఏడు రూపాయలైనను గాదు! అదియును దారిద్ర్యరేఖ జాబితా కెక్కిన సుమారు రెండు కోట్ల ఇరువది లక్షల మందికి మాత్రమే.

ఈ లోపమును పూరింప రాష్ట్రములు పూనుకొనినవి, అది ప్రశంసనీయము. తెలంగాణము 2019లో తన వృద్ధుల భరణమును 2,016 రూపాయలకు పెంచెను. ఆంధ్రప్రదేశము 2024లో 4,000 చేసెను. కాని యిందొక వైపరీత్యము గలదు. కృష్ణానదికి ఈ దరినున్న అవ్వ ఆకలికిని, ఆ దరినున్న అవ్వ ఆకలికిని భేదమేమి? ఇంకను బీదరాష్ట్రములందలి వృద్ధుల గతి యేమి? ఖజానా శక్తిని బట్టియు, ఎన్నికల వేళను బట్టియు పెరుగుచు తరుగుచుండు భరణము హక్కనిపించుకొనదు.

ఎవరి వార్ధక్యమునకు వారే కూడబెట్టుకొనవలెనని కొంద ఱందురు. 2015లో నారంభమైన అటల్ పింఛను పథకము ఆ మార్గమే. పదునెనిమిదవయేట నా సంవత్సరముననే చేరిన కూలివాడు నెలనెల చందా కట్టి, కనీసమొత్తముగా హామీ యిచ్చిన వేయి రూపాయలను 2057లో అందుకొనును. అప్పటి ధరలకు ఆ వేయి యెన్ని దినముల గ్రాసము? పని దొరకని నెలలో చందా యెట్లు కట్టగలడు? పొదుపు మంచిదే, కాని యది గోడ యగునేకాని పునాది కానేరదు.

నిధి కూర్చకుండ వాగ్దానములు చేయుటయు తగదు. తాత సంతకము చేసిన పత్రమునకు మనుమడు వడ్డీ కట్టవలసి వచ్చును. కావుననే, పనిచేయు వయస్సువారు అధికముగా నున్న యీ దశయందే సంస్కరణమునకు పూనుకొనవలెనని మేము కోరుచున్నాము. అన్య పింఛనుగాని, ఆదాయపుపన్ను కట్టునంతటి రాబడిగాని లేని ప్రతి వృద్ధునకును, జాబితాలతో నిమిత్తము లేక, కేంద్రము కనీసభరణ మియ్యవలెను. ఉద్యోగుల కరవుభత్యమువలె అదియు ధరలనుబట్టి పెరుగవలెను. 2013లో ఆహారధాన్యమునకు చట్టము చేసినట్లే దీనికిని చట్టము చేయవలెను. దానిపైన ఎవరి చందాకొలది వారు అదనముగా పొందవచ్చును.

వార్ధక్యమున ప్రజాసహాయము కల్పింపవలెనని మన రాజ్యాంగము 41వ అధికరణమున ఆదేశించుచున్నది. ఆర్థికశక్తికి లోబడి యను మాటయు నందు గలదు. ప్రభుత్వములు ఆ మాట చాటున దాగియుండుట యిక చాలును. దేశమును నిర్మించిన చేతులు నేడు వణకుచున్నవి. ఆ చేతులలో బెట్టునది బిచ్చము గాదు. జాతి తీర్పవలసిన ఋణము.