ఏసీ ట్రిప్ అయితే మొదటి ప్రశ్న: ఏ మోడ్‌లో?

ఢిల్లీ, చండీగఢ్ లాంటి నగరాల్లో చాలా హోటళ్లు, ఆఫీసులు, ఫంక్షన్ హాళ్లు ఒకే యంత్రంతో రెండు కాలాలూ నెట్టుకొస్తాయి. మే నెలలో చల్లదనం, జనవరిలో వెచ్చదనం. దుకాణంలో దాన్ని 'హాట్ అండ్ కోల్డ్ ఏసీ' అంటారు, ఇంజినీర్లు రివర్స్ సైకిల్ ఏసీ అంటారు. దాన్ని నడిపేవారిని విసిగించే ఫిర్యాదుల్లో 'హై ప్రెషర్ ట్రిప్' ఒకటి. యంత్రం కాసేపు నడుస్తుంది, కంప్రెసర్ టక్కున ఆగిపోతుంది, డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ కనిపిస్తుంది. రీసెట్ నొక్కితే మళ్లీ నడిచి మళ్లీ ఆగుతుంది. అప్పుడు టెక్నీషియన్‌కు ఫోన్ వెళ్తుంది.

ఆ తర్వాతి కథ చాలాచోట్ల ఒకటే. గేజ్ తగిలించి చూస్తారు, పీడనం ఎక్కువగా ఉందని కొంత గ్యాస్ గాలిలోకి వదిలేస్తారు. లేదంటే స్విచ్ పాడైందని దాని రెండు తీగలనూ కలిపేస్తారు. ఆ రోజుకి హాల్లో ఫంక్షన్ గడిచిపోతుంది. మొదటి పని ఖర్చుతో కూడిన తప్పు, రెండోది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు. స్విచ్ ఎందుకు తెరుచుకుందో తెలియకుండానే ఈ రెండు పనులూ జరుగుతున్నాయి.

ఏసీ చలిని తయారుచేయదు. ఒకచోటి వేడిని తోడి మరోచోట పోస్తుంది. వేడిని బయటికి వదిలే కాయిల్‌ను కండెన్సర్ అంటారు. అక్కడ రిఫ్రిజిరెంట్ ఆవిరి చల్లబడి ద్రవంగా మారుతుంది. ఆవిరి, ద్రవం కలిసి ఉన్నంతసేపూ పీడనానికి సొంత నిర్ణయం ఉండదు, ఉష్ణోగ్రత ఎంతంటే అంత. ఆర్-410ఏ అనే రిఫ్రిజిరెంట్ 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర గేజ్ మీద సుమారు 430 పీఎస్ఐ చూపుతుంది. కారు టైరులో ఉండే పీడనానికి ఇది పదమూడు రెట్లు. 65 డిగ్రీలకు అది 600 దాటుతుంది. చాలా యంత్రాల్లో హై ప్రెషర్ స్విచ్ తెరుచుకునేది ఆ ప్రాంతంలోనే. మరో ఆరేడు డిగ్రీలు పెరిగితే ఆర్-410ఏకి క్రిటికల్ ఉష్ణోగ్రత వచ్చేస్తుంది. ఆపైన ఎంత పీడించినా ఆవిరి ద్రవంగా మారదు. కాబట్టి టెక్నీషియన్ చేతిలోని ప్రెషర్ గేజ్ నిజానికి ఒక థర్మామీటరు. అది 600 చూపిందంటే అర్థం ఒక్కటే. కండెన్సర్‌లోకి వస్తున్నంత వేడి బయటికి పోవడం లేదు.

మామూలు ఏసీలో కండెన్సర్ ఎప్పుడూ బయటి కాయిలే. తెలుగు రాష్ట్రాల్లో ఏసీలు ఎక్కువగా చల్లబరచడానికే వాడతారు కాబట్టి, విజయవాడలోనో రామగుండంలోనో పని నేర్చుకున్నవారికి ట్రిప్ అనగానే ఔట్‌డోర్ కాయిల్ మీది దుమ్ము గుర్తుకొస్తుంది. అక్కడ అది చాలావరకు సరైన అలవాటే. రివర్స్ సైకిల్ యంత్రంలో మాత్రం ఫోర్ వే వాల్వు అనే భాగం రిఫ్రిజిరెంట్ దారిని తిప్పేస్తుంది. చలికాలంలో లోపలి కాయిల్ కండెన్సర్ అవుతుంది, బయటి కాయిల్ వేడిని పీల్చుకునే పని చేస్తుంది. పాత్రలు మారితే అనుమానించాల్సిన చోటు కూడా మారాలి.

ఉదాహరణకు గదిలోని ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందనుకోండి. వేసవిలో దానివల్ల పీడనం పడిపోతుంది, లోపలి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. చలికాలంలో అదే ఫిల్టర్ హై ప్రెషర్ ట్రిప్‌కు కారణమవుతుంది. బ్లోయర్ బెల్టు జారుతున్నా, ఎవరో డక్ట్ డాంపర్ మూసేసినా, గాలి గ్రిల్‌కు అడ్డంగా అలంకరణ తెరలు కట్టినా ఫలితం అదే. ఇలాంటప్పుడు బయటి కాయిల్‌ను ఎంత శుభ్రంగా కడిగినా ఉపయోగం లేదు. యంత్రం బిగించేటప్పుడు లావు పైపు మీది వాల్వును పూర్తిగా తెరవకపోతే, హీటింగ్‌లో కంప్రెసర్ నుంచి వచ్చే వేడి ఆవిరి అక్కడే ఇరుక్కుని ట్రిప్ అవుతుంది. కూలింగ్‌లో మాత్రం అదే వాల్వు వేరే లక్షణాలు చూపిస్తుంది. కొన్నిసార్లు అసలు లోపమే ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నం 'హీటింగ్ పనిచేస్తుందో లేదో చూద్దాం' అని ఆన్ చేస్తే, బయట తోడుకోవడానికి బోలెడు వేడి, లోపల గది ముందే వెచ్చగా ఉంటుంది. ఆ పరిస్థితిలో ట్రిప్ అయిన స్విచ్ తన పని తాను చేసినట్టే.

అసలు చిక్కు గ్యాస్ పరిమాణంతో వస్తుంది. చాలా యంత్రాల్లో లోపలి కాయిల్ గొట్టాలలోని చోటు బయటి కాయిల్‌లో కంటే తక్కువ. వేసవిలో చల్లదనం తగ్గిందని తూకం లేకుండా, చేతి అంచనాతో కొంచెం ఎక్కువ గ్యాస్ ఎక్కిస్తారు. బయటి కాయిల్ పెద్దది కాబట్టి అది ఆ ఎక్కువను మోస్తుంది, ఎవరికీ తెలియదు. ఆరేడు నెలల తర్వాత హీటింగ్ పెట్టగానే కండెన్సర్ పని చిన్న కాయిల్ మీద పడుతుంది. అదనపు ద్రవం అందులో నిలబడి, ఆవిరి చల్లబడే చోటును ఆక్రమిస్తుంది, పీడనం ఎగబాకుతుంది. మే నెలలో చేసిన తప్పు జనవరిలో బయటపడిందన్నమాట. అప్పటికి ఆ మనిషి మారిపోయి ఉంటాడు, బిల్లు చెత్తబుట్టకు చేరి ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు కొంత గ్యాస్ వదిలేస్తాడు. మళ్లీ మేలో చల్లదనం తగ్గుతుంది, మళ్లీ గ్యాస్. ఈ చక్రం తిరుగుతున్నంతకాలం ఎవరికో ఒకరికి బిల్లు వస్తూనే ఉంటుంది, యజమాని మాత్రం యంత్రం నాణ్యతను తిట్టుకుంటూ ఉంటాడు.

గ్యాస్ ఎక్కువైందా, లేక లోపల గాలి చిక్కుకుందా అన్నది తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. వ్యాక్యూమ్ పంపు సరిగా నడపకుండా గ్యాస్ ఎక్కిస్తే గొట్టాల్లో గాలి మిగిలిపోతుంది. అది ద్రవంగా మారదు, పైగా కండెన్సర్‌లో తిష్ఠ వేస్తుంది. యంత్రాన్ని ఆపి, కాయిళ్లన్నీ చుట్టుపక్కల గాలి ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి. ఉష్ణోగ్రత 30 డిగ్రీలైతే ఆర్-410ఏ సుమారు 260 పీఎస్ఐ చూపాలి. గేజ్ 290 చూపితే ఆ పై 30 గాలిదే. గ్యాస్ కాస్త ఎక్కువైనంత మాత్రాన ఈ అంకె మారదు, ఎందుకంటే ఆగిన యంత్రంలో ద్రవం పావు కిలో ఉన్నా రెండు కిలోలు ఉన్నా పీడనం ఉష్ణోగ్రత మాటే వింటుంది. పరీక్షకు ఖర్చయ్యేది కొంత సమయం. చేయకపోవడానికి కారణం కూడా ఆ సమయమే. రోజుకు ఇన్ని కాల్స్ పూర్తి చేయాలన్న లెక్క మీద జీతం తీసుకునే మనిషి అంతసేపు ఊరికే కూర్చోలేడు.

అందుకే మొత్తం నింద టెక్నీషియన్ మీద వేయడం న్యాయం కాదు. భవనాలు కట్టేవారి వాటా ఇందులో తక్కువేమీ కాదు. ఎలివేషన్ అందం చెడకూడదని ఔట్‌డోర్ యూనిట్లను ఇరుకైన షాఫ్ట్‌లో ఒకదానిపై ఒకటి పేరుస్తారు, ముందు జాలీలు బిగిస్తారు. కింది యూనిట్ వదిలిన వేడిగాలి పైకి లేస్తుంది, పై యూనిట్ దాన్నే పీలుస్తుంది. ఊళ్లో 42 డిగ్రీలున్న రోజు ఆ కాయిల్ ముందు 50 దాటి ఉండొచ్చు. ఫోన్‌లో వాతావరణం చూసి లెక్క వేసేవారికి ఈ తేడా తెలియదు. థర్మామీటరును కాయిల్ దగ్గరే పెట్టి చూడాలి. అలాంటి షాఫ్ట్‌లో ఏ టెక్నీషియన్ వచ్చినా, ఎన్నిసార్లు కడిగినా వేసవి ట్రిప్ తప్పదు.

ఇక తీగలు కలిపేయడం సంగతి. స్విచ్‌ను తప్పిస్తే కంప్రెసర్‌కు, పైపు అతుకులకు ఆఖరి రక్షణల్లో ఒకటి పోయినట్టే. లోపల గాలి కూడా ఉంటే ప్రమాదం ఇంకో మెట్టు ఎక్కుతుంది. నూనె తుంపరతో కలిసిన గాలిని అధిక పీడనానికి నొక్కితే డీజిల్ ఇంజిన్‌లో మాదిరిగా అంటుకోవచ్చు. ఇప్పుడు వాడకం పెరుగుతున్న ఆర్-32కి స్వల్పంగా మండే గుణం ఉంది. పక్కన నిలబడి పనిచేసే మనిషికి ఇవేవీ చిన్న విషయాలు కావు.

గ్యాస్ వదిలేయడం వల్ల శబ్దం రాదు, ఎవరూ గాయపడరు, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక కిలో ఆర్-410ఏ వందేళ్ల లెక్కలో 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఆర్-32కి ఆ అంకె 675. ఇలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించాలన్న 2016 నాటి కిగాలి సవరణను భారత్ 2021లో ఆమోదించింది. మన తగ్గింపు 2032లో మొదలవుతుంది. 2019లో విడుదలైన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్షమంది టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికేషన్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిదే. సర్టిఫికెట్ చేతికొచ్చినా బిల్లు 'గ్యాస్ చార్జింగ్' పేరుతోనే రాయాల్సి వస్తే మాత్రం నేర్చుకున్నది సంచిలోనే ఉండిపోతుంది.

హోటళ్లు, ఆఫీసులు ఏటా రాసుకునే నిర్వహణ ఒప్పందాల్లో మార్చదగినవి కొన్ని ఉన్నాయి. కారణం వెతికిన సమయానికి విడిగా డబ్బివ్వడం ఒకటి. బయటికి తీసిన గ్యాస్‌ను సిలిండర్‌లోకే పట్టి తూకం వేయాలని షరతు పెట్టడం ఇంకొకటి. యంత్రం ప్యానెల్ లోపల ఒక కార్డు అంటించి, ప్రతి ట్రిప్‌కూ తేదీ, మోడ్, కాయిల్ దగ్గరి ఉష్ణోగ్రత, ఎక్కించిన లేదా తీసిన గ్యాస్ గ్రాములు రాయించడానికి అయ్యే ఖర్చు ఒక పెన్ను. జనవరిలో వచ్చే టెక్నీషియన్‌కు మే నెలలో ఏం జరిగిందో చెప్పగలిగేది ఆ కార్డు ఒక్కటే.