ఉరుము మోగని కళాభవనం మనకెందుకు?

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్లో రాత్రి అన్నాలు తిని, ప్లేట్లు కడిగి, భోజనశాలలోని బెంచీలను గోడవారకు జరిపి రిహార్సల్ మొదలుపెడతాం. మేమూ అలాగే నేర్చుకున్నవాళ్లం. పదో తరగతి దాకా మేమెరిగిన నాటకశాల అదొక్కటే. ఇప్పుడు డిగ్రీలు, పీజీలు చదువుతూ ఎక్కడ కలుసుకున్నా, మన కళ్యాణదుర్గానికి ఒక మంచి కళాభవనం ఉండాలన్న మాట మా మధ్య వస్తుంది. రావలసిందే. అయితే అది ఎవరికోసం ఉండాలి, దానికి దారేది అన్న విషయం మీద మా అభిప్రాయాన్ని ఈ సంచిక ద్వారా మీ ముందు పెడుతున్నాం.

ముందుగా పొరుగునున్న బళ్లారిని చూద్దాం. 1882లో అనంతపురం ప్రత్యేక జిల్లా అయ్యేవరకు మన ప్రాంతమూ బళ్లారి జిల్లాలోనిదే. ఆ దశాబ్దంలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరసవినోదినీ సభ పెట్టి, తానే నాటకాలు రాసి ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు తెచ్చుకున్నారు. కోలాచలం శ్రీనివాసరావు ఆధ్వర్యంలో సుమనోరమ సభ నడిచింది. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు, 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ తెలుగు నటనకే కొత్త దారి చూపారు. ఆడవేషం ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టారు. ఆయన 1946లో కన్నుమూశారు. బళ్లారిలో ఆయన పేరిట రాఘవ కళామందిరం వెలిసింది ఆ తర్వాతే. అంటే మొదటి సభకూ ఆ భవనానికీ నడుమ అరవై ఏళ్లకు పైగా గడిచాయి. ముందు మనుషులు కూడారు, నాటకం నిలబడింది. కట్టడం ఆ తర్వాత వచ్చింది. ఇది మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం.

రెండో పాఠం కూడా అక్కడే ఉంది. ఈ ముగ్గురూ న్యాయవాదులే. వారి ప్రతిభనూ త్యాగాన్నీ మేము తక్కువ చేయడం లేదు. కానీ వారికి చదువుంది, రాబడి ఉంది, సభ పెడితే వచ్చి కూర్చునే పెద్దమనుషులున్నారు. ఇవేవీ లేనివాళ్ల కళ ఏమైంది?

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ఒక పెళ్లి సందర్భంగా తోలుబొమ్మలాడించే కుటుంబాలవాళ్లు తామే వేషాలు కట్టి కీచకవధ నాటకం ఆడారు. అదే సురభి నాటక సమాజాలకు పుట్టుక. భవనం లేదని వాళ్లు ఆగలేదు. డేరాలు కట్టుకుని ఊరూరా తిరుగుతూ, ఆడా మగా పిల్లా జెల్లా అందరూ వేషాలు వేసి తరాల తరబడి నాటకాన్ని బతికించారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఇప్పటికీ ఉన్నారు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఢిల్లీ దాకా వెళ్లిన ఈ కళను మన హాస్టల్ పిల్లల్లో ఎందరు కళ్లారా చూశారు?

ఇక మన ఇళ్ల సంగతి. ఉరుముల నృత్యం అనంతపురం సీమకు ప్రత్యేకమైనది. గ్రామదేవతల జాతరలో ఆ వాద్యం మోగితే మబ్బు ఉరిమినట్లే ఉంటుంది. దాన్ని మోగించేవాళ్లు మన తాతలు, మన నాయనలు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా ఇది. అదీ సమయానికి రాదు. శెనక్కాయ పంట పోయిన ఏడు ఉరుము గోడకెక్కుతుంది, మనిషి బెంగళూరు బస్సెక్కుతాడు. హాస్టల్లో చేరేటప్పుడు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట మాలో కొందరం 'కూలీ' అని రాశాం. నాయన ఉరుము వాయిస్తాడని రాయడానికి సిగ్గుపడ్డాం. ఆ సిగ్గు మాలో ఎవరు పెట్టారో పీజీకొచ్చాక గానీ అర్థం కాలేదు.

'తాగే నీళ్లకే కటకటగా ఉంటే కళాభవనమా?' అని కొందరు అడుగుతారు. నీళ్లు కావాలి, పని కావాలి. వాటికోసం అడుగుతూనే ఉందాం. కానీ కరువు ఒక్క పంటనే తినదు. వలస పోయిన ఊళ్లో పాట పోతుంది, నేర్పేవాడు పోతాడు. వాన మళ్లీ వస్తే పైరు మొలుస్తుంది గానీ పోయిన విద్య తిరిగి మొలవదు.

మనవాళ్లలోనే ఇంకో మాట ఉంది. 'ఈ డప్పులు, ఉరుములు మనకు కులం అంటగట్టిన చాకిరీ. చదువుకుని కూడా వాటిని పట్టుకోవాలా?' అంటారు. ఈ మాటను మేము కొట్టిపారేయం. గుడి బయట నిలబడి, పిలిచినప్పుడల్లా పోయి, ఇచ్చినంత పుచ్చుకుని వాయించిన బాధ ఆ మాటలో ఉంది. ఆ చాకిరీ పోవలసిందే. పోవలసింది చాకిరీ గానీ విద్య కాదు. ఇష్టమున్నవాడు వేదికెక్కి, మర్యాదతో, తగిన సొమ్ముతో వాయించాలి. ఇష్టం లేనివాణ్ని ఎవరూ పిలవకూడదు. నేర్చుకోవాలనుకున్న ఏ కులం పిల్లకైనా పిల్లాడికైనా నేర్పాలి. అప్పుడది కులం గుర్తుగా కాక, విద్యగా నిలబడుతుంది.

కాబట్టి కళాభవనం అడిగేటప్పుడు నాలుగు గోడలు అడిగితే చాలదు. అలా కట్టినవి కొన్నాళ్లకు పెళ్లి మండపాలవుతాయి. ఊరి కళాకారులు అద్దె కట్టలేక బయటే ఉంటారు. వాయిద్యాలు పెట్టుకునే గది, ఆడపిల్లలకు వేషం వేసుకునే గదీ మరుగుదొడ్డీ, వారం వారం శిక్షణ, నేర్పే పెద్దలకు జీతం, నడిపే కమిటీలో కళాకారులకే సగం చోటు - ఇవి రాతపూర్వకంగా అడగాలి.

అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. తమ్ముళ్లారా, ఈ సెలవుల్లో మీ ఊళ్లో ఉరుము, చెక్కభజన, కోలాటం, వీధినాటకం తెలిసిన పెద్దలెవరున్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకుని రండి. పూర్వ విద్యార్థులమైన మేము తలా కొంత వేసుకుని, వచ్చే వార్షికోత్సవానికి వాళ్లను దారి ఖర్చులు, పారితోషికం ఇచ్చి పిలిపిస్తాం. అప్పుడు వాళ్లను గుమ్మం దగ్గర కాదు, వేదిక మీద కుర్చీ వేసి కూర్చోబెడదాం. బళ్లారిలో మొదలైనది సభతోనే. మన సభ ఈ భోజనశాలలోనే మొదలు కావచ్చు. బెంచీలు జరపడం మనకు తెలిసిన పనే కదా!